శ్రావణంలో మూడు రోజుల సెలవు

“ఏ పండగని ఇచ్చార్రా సెలవు?”

“పండగ కాదమ్మా. బళ్ళో ఇన్‌స్పెక్షనంట. మూడ్రోజులు పిల్లల్ని రావద్దన్నారు.”

“ఇన్‌స్పెక్షనంటే పిల్లల్ని తలలు దువ్వించి మరీ రమ్మంటారు గానీ రావద్దంటారా? పిల్లల్లేని బళ్ళో ఏం చూస్తారు, బల్లలా?”

“ఏమో, నన్నడిగితే? వాళ్ళు చెప్పిందే చెబుతున్నా.”

“ఇచ్చారా, మీరే పుచ్చుకున్నారా? ఆ ఒక్కటీ చెప్పు.”

“అబ్బా! పోలీసులు కూడా ఇన్ని అడగరమ్మా.”

“పోలీసుల కడుపున పుట్టలేదు నువ్వు, నా కడుపున పుట్టావు. అబద్ధం చెప్పేటప్పుడు నీ కుడిచెయ్యి మెడ వెనక్కి పోతుంది. ఇప్పుడెక్కడుందో చూసుకో.”

మా అబ్బాయి గబుక్కున చెయ్యి దించుకున్నాడు. కోడలు గదిలో సూట్‌కేసు జిప్పు లాగుతూనే, “అత్తయ్యగారూ, రైలు టైమైపోతోందండీ. మీరు కూడా రావల్సిందండీ, మా అమ్మ మరీ మరీ చెప్పింది,” అంది. మాట మార్చడంలో మా కోడలు మహా నేర్పరి. తొమ్మిదో క్లాసు చదివే నా మనవరాలు మాత్రం చెప్పులేసుకుని గేటు దగ్గర నించుని, వీధిలో ఏదో వింత జరుగుతున్నట్టు అటే చూస్తోంది. మామూలుగా అయితే మా తల్లీకొడుకుల మధ్యలో దూరి, “మామ్మా, పాపం నాన్నని వదిలెయ్,” అనే పిల్ల. ఆ రోజు నోరు మెదపలేదు. నా అనుమానం అక్కడ మొదలైంది.

వాళ్ళు వెళ్తున్నది తాడేపల్లిగూడెం. కోడలి చెల్లెలు అక్కడ కొత్తగా ఇల్లు కట్టుకుంది. శ్రావణమాసం, గురువారం తెల్లవారుజామున గృహప్రవేశం. బుధవారం వెళ్ళి సాయంగా ఉండి, గురువారం పాలు పొంగించి, శుక్రవారం వ్రతం చూసుకుని రాత్రికి రావాలని వాళ్ళ లెక్క. నా లెక్క వేరు. ఏలూరు నించి గూడెం ఎంత దూరమని? పాలు పొంగడానికి ఎంతసేపు పడుతుందని? తెల్లారగట్ల అక్షింతలు వేసి, రెండిడ్లీలు తిని రైలెక్కితే బడి గంటకి పిల్ల క్లాసులో ఉంటుంది. పెద్దవాళ్ళు కావలిస్తే వారం రోజులుండి ఆ ఇంటికి సున్నాలు కూడా వేసి రావచ్చు, ఎవరొద్దన్నారు? నేను మోకాళ్ళు సాకు పెట్టి ఇంట్లో ఉండిపోయాను.

బడి విషయంలో నాకు పట్టింపెక్కువ. దానికో కారణముంది. మాది కొల్లేటి లంక. వానాకాలం నీళ్ళెక్కితే బడికి దోనె మీద పోవాలి. ఇంటికి ఉన్న దోనె ఒక్కటే. ముందు గేదెల మేతకి, తర్వాత వరినారుకి, ఆ తర్వాత బజారుకి, అన్నీ అయ్యాక మాకు. “నీళ్ళు తియ్యనీలే అమ్మా,” అనేవాడు మా నాన్న. నీళ్ళు తీసేసరికి పుస్తకంలో పాఠాలు ఎక్కడికో వెళ్ళిపోయి ఉండేవి. వెనక వరసలో కూర్చుని తెల్లమొహం వేసుకుని చూసేదాన్ని. మూడో క్లాసులో ఉండగా ఓ ఏడు నీళ్ళు తీశాక కూడా నేను వెళ్ళలేదు. ఇంట్లో ఎవరూ వెళ్ళమనలేదు, మాష్టారూ ఏదని అడగలేదు. నా చదువు ఎవరూ మానిపించలేదు. దానంతటదే మానింది.

అందుకని “ఒక్క రోజేగా” అనే మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో జ్వరమొస్తే పిల్ల మంచం మీదుండాలి, రాకపోతే బళ్ళో ఉండాలి, మధ్యలో మూడోది లేదు. ఏడాది ఫీజు కట్టాక పూట మానడమంటే వండిన అన్నం పెరట్లో పారబోసినట్టే. మా వారు పోయినప్పుడు కూడా కర్మలన్నీ అయిన మర్నాడు పొద్దున్నే జడలు వేసి పంపాను. ఆదివారం నాడు పడని పెళ్ళి ఏదీ మా పిల్ల చూసెరగదు. బళ్ళో మీటింగు పెడితే నేనే వెళ్తాను. టీచర్లు మార్కులు చెప్పబోతారు, నేను ముందు హాజరు అడుగుతాను. ఈ ఏడు క్లాస్ టీచర్ కొత్తావిడ వచ్చిందని విన్నాను గానీ, మీటింగింకా పెట్టలేదు, ఆవిడ నన్ను చూడలేదు, నేనావిడని చూడలేదు.

గురువారం పొద్దున్న ముగ్గేస్తున్నాను. మేముండేది వట్లూరు వైపు కొత్తగా లేచిన కాలనీలో. పసుప్పచ్చ వ్యాను వచ్చి మా సందు మొగలో ఆగింది. మా పిల్ల వెళ్ళే వ్యానే. ఎదురింటి రెండో క్లాసు పిల్ల మెళ్ళో నీళ్ళ సీసా వేలాడేసుకుని ఎక్కబోతోంది.

“ఏమ్మా, మీ బడికి సెలవు కాదూ?”

“లేదండీ మామ్మగారూ. సెలవైతే నేనెందుకు లేస్తానండీ?”

అదీ నిజమే. ముగ్గు పిండి డబ్బా అక్కడే పెట్టి లోపలికొచ్చి పిల్ల అలమర తీశాను. యూనిఫారాలు మడత పెట్టి ఉన్నాయి. పుస్తకాలు ఉన్నాయి. బూట్లు మంచం కిందున్నాయి. అంటే బడి నించి తీసెయ్యలేదు. మరి? పిల్ల ఏదైనా తప్పు చేస్తే మూడ్రోజులు రావద్దన్నారేమో. లేదంటే కోడలి పుట్టింటివాళ్ళు, “ఇక్కడే ఉంచి చదివించుకుంటాం, మీ అత్తగారి సాధింపు తప్పుతుంది,” అని పిల్లని గూడెంలో ఏదో బళ్ళో చేర్చే ఏర్పాటేమో. ఈ రెండోది నాకు బాగా నచ్చింది. అన్నీ దానికి సరిపోయాయి. గృహప్రవేశానికి వెళ్ళి తొమ్మిదో క్లాసు పిల్ల మూడ్రోజులు ఏం చేస్తుంది, తోరణాలు లెక్కపెడుతుందా? ఫోన్ చేసి అడుగుదామనుకుని మానేశాను. అడిగితే అబద్ధం ఇంకొకటి చెబుతారు. నోరు మూసుకుని చూస్తే ఉన్న అబద్ధమే బయటపడుతుంది.

శుక్రవారం రాత్రి వచ్చారు. కోడలు బొబ్బట్ల డబ్బా నా చేతికిచ్చింది, మొహం వెలిగిపోతోంది.

“గూడెంలో బళ్ళు బాగున్నాయా?” అన్నాను.

“బళ్ళేంటండీ?”

“ఊరికే అడిగాను.”

కోడలు మొగుడి మొహం చూసింది. మొగుడు బొబ్బట్ల డబ్బా చూశాడు.

శనివారం పొద్దున్న ఇంకోటి. మా పెరట్లో నందివర్ధనం చెట్టుంది. క్లాసులో సరస్వతి పటానికి రోజూ పువ్వు పెట్టడం ఈ ఏడు మా పిల్ల వంతు. జూన్ నించీ ఆకులో చుట్టి ఇస్తున్నాను. ఆ రోజూ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇవాళ వద్దు మామ్మా.”

“ఏం?”

“వేరే అమ్మాయి పెడుతుంది.”

“నీ వంతు ఎందుకు తీసేశారు? ఏం చేశావు?”

“ఏం చెయ్యలేదు మామ్మా. వ్యానొచ్చేసింది,” అని పరిగెత్తింది. వ్యాను రాలేదు. పిల్ల ఊరికే సందు మొగలో నించుని ఉండటం నేను కిటికీలోంచి చూశాను.

ఆదివారం మధ్యాహ్నం అడక్కుండా వచ్చి నా మోకాళ్ళకి నూనె రాసింది. నూనె చేతి నిండా పోసేసుకుంటుంటే సీసా లాక్కున్నాను.

“మామ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?”

“ఎందుకే? లంకలో నా ముక్క పొలమేమైనా రాయించుకుంటావా?”

నవ్వుతుందనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నాకు జాలి వెయ్యలేదు, నిజం చెప్పాలంటే. అనుమానం ఇంకాస్త గట్టిపడింది. ఆ రోజే కోడలు, “వచ్చే నెల మీటింగుకి నేను వెళ్తాలెండి అత్తయ్యగారూ, మీకెందుకండీ శ్రమ,” అంది. కిందటేడు వాన కురుస్తుంటే గొడుగేసి మరీ పంపిన మనిషి. అబ్బాయి సంగతి సరేసరి, బడి నించి ఫోనొస్తే చాలు, దొడ్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు.

బుధవారం సాయంత్రం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అబ్బాయి ఆఫీసు నించి రాలేదు, కోడలు పిల్లని ట్యూషన్ నించి తీసుకురావడానికి వెళ్ళింది. గుమ్మంలో కూర్చుని గోంగూర దూస్తున్నాను. గేటు ముందు స్కూటీ ఆగింది. నేతచీర కట్టుకున్న చిన్నావిడ దిగి, చెప్పులు గేటవతలే విడిచి, తల వంచుకుని వచ్చింది.

“నేను పాప క్లాస్ టీచర్నండీ.”

“రండమ్మా, కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను.”

“వద్దండీ, వద్దు. ఇలాంటప్పుడు ఏమీ పుచ్చుకోకూడదు కదండీ.”

ఎలాంటప్పుడో నేను అడగలేదు. ఎదుటివాళ్ళు తెలుసనుకుని చెప్పేదాన్ని మధ్యలో అడ్డుకుంటే అసలు సంగతి ఆగిపోతుంది.

ఆవిడ అరుగు అంచున కూర్చుంది. “సోమవారమే వద్దామనుకున్నానండీ, కుదర్లేదు. నిన్న మంగళవారం, పలకరింపుకి రాకూడదు. మాది పురోహితుల ఇల్లండీ, ఇవన్నీ చూసుకుంటాం. పెద్దావిడ చక్కగా తిరుగుతూనే ఉండేవారటగా? ఒక్కసారిగా ఎలా అయిపోయారండీ?”

పలకరింపు! నా చేతిలో గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది. ఈ ఇంటి పెద్దావిడని నేను. నేనిక్కడ గోంగూర దూస్తున్నాను. అంటే పోయింది గూడెంలో మా వియ్యపురాలన్నమాట.

“ఏముందమ్మా, రోజులు దగ్గర పడితే ఎవరాపుతారు?” అన్నాను జాగ్రత్తగా.

“బుధవారం తెల్లారగట్ల పోయారని పాప నాన్నగారు ఫోన్ చేశారండీ. మా బళ్ళో చదువుల మధ్యలో మూడ్రోజులు సెలవంటే ఇవ్వరండీ. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ అసలే ఇవ్వరు. ఆస్పత్రో, ఇంట్లో ఇలాంటిదో అయితేనే. మొన్న ఏడో క్లాసులో ఒకళ్ళు జ్వరమని చెప్పి పిల్లాణ్ణి తిరుపతి తీసుకెళ్ళారండీ. గుండు చూసి కనిపెట్టేశారు. ప్రిన్సిపాల్ గారు టీసీ చేతిలో పెట్టేశారు. కానీ మీ పాప మైలలో ఉండి కూడా నాలుగోనాటికే వచ్చేసింది. చదువంటే అంత పట్టింపున్న ఇల్లని నేనే చెప్పానండీ ఆయనకి. గురువారం జరిగిన లెక్కల పరీక్ష పాపకి వేరేగా పెడతామన్నారు. సరస్వతి పటానికి పువ్వు మాత్రం పెద్ద కర్మ అయ్యేదాకా ఇంకో అమ్మాయి చేత పెట్టిస్తున్నాం, ఏమీ అనుకోకండి.”

“అనుకునేదేముంది.”

“పాప ఎంత ఏడ్చిందోనండీ. క్లాసంతా లేచి నించుని మౌనం పాటించాం. మీరేమవుతారండీ వాళ్ళకి?”

“ఈ ఇంటి మనిషినేనమ్మా.”

“శనివారం పెద్ద కర్మకి మా టీచర్లం నలుగురం వస్తామండీ. ఎక్కడ చేస్తున్నారో కాస్త కబురు చెప్పించండి.”

లేచింది. “వెళ్ళొస్తాను” అనలేదు. చావింటి నించి వెళ్ళేవాళ్ళు ఆ మాట అనరు. వెనక్కి తిరక్కుండా స్కూటీ ఎక్కి పోయింది.

నేను అక్కడే కూర్చుని అన్నీ జతచేసుకున్నాను. బుధవారం తెల్లారగట్ల వియ్యపురాలు పోయింది. గురువారం గృహప్రవేశం. చావు కబురు పైకొస్తే ముహూర్తం పోతుంది, మళ్ళీ మంచి రోజు ఎప్పుడో. అందుకని తొక్కిపెట్టారు. ఇలాంటివి నేను ఎరగనివి కావు. మా వైపు ఒకరింట్లో మేనత్త పోయిన కబురు తలంబ్రాలు అయ్యేదాకా పెళ్ళికూతురికి చెప్పలేదు. కానీ కన్నతల్లి పోతే పాలు పొంగిస్తారా? నాకు బొబ్బట్లు తెచ్చిస్తారా? ఆ బొబ్బట్లు నేను రెండు తిన్నాను! అయినవాళ్ళు పోయిన కబురు తెలియక వారం నించి దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను!

లేచి నూతి దగ్గరికి వెళ్ళి కట్టుబట్టలతో తలారా స్నానం చేశాను. పొడి చీర కట్టుకున్నాను. దేవుడి గది తలుపు దగ్గరగా వేశాను. గోంగూర మాత్రం ఫ్రిజ్‌లో పెట్టాను. మైల వస్తే కూర పారెయ్యమని ఏ శాస్త్రంలోనూ లేదు. తర్వాత నా చిన్న ఫోన్ తీసి గూడెం చేశాను. కోడలి చెల్లెలు ఎత్తితే ఎలా ఏడవాలో, ఏడ్చాక ఎలా కడగాలో రెండూ సిద్ధం చేసుకున్నాను.

“ఏమండీ వదినగారూ!” అంది అవతలి గొంతు. “గృహప్రవేశానికి రాకపోయినా ఫోనన్నా చేశారు, సంతోషం!”

వియ్యపురాలి గొంతు.

“మీరేనా?”

“నేను కాకపోతే ఎవరండీ?”

“ఒంట్లో ఎలా ఉంది మీకు?”

“నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను. ఇప్పుడే రెండు పెసరట్లు తిన్నాను. మీ గొంతేంటి అలా ఉంది, జలుబా?”

“తలస్నానం చేశానండీ.”

“ఈ వేళప్పుడా? దేనికండీ?”

“దేనికో నాకింకా తెలీదు. తెలిశాక చెబుతాను,” అని పెట్టేశాను.

వియ్యపురాలు పెసరట్లు తింటోంది. పెద్దావిడ పోయింది. పోయిందని చెప్పింది మా అబ్బాయి. ఇక మిగిలిందెవరు? జుట్టు కొసల్నించి నీళ్ళు చీర మీద కారుతున్నాయి. నా చావుకి నేనే స్నానం చేశాను.

ముగ్గురూ ఒకేసారి వచ్చారు. చెప్పులు విడుస్తుండగానే అన్నాను: “మీ క్లాస్ టీచర్ వచ్చి వెళ్ళింది. నన్ను పలకరించడానికొచ్చింది. నేనెలా పోయానని అడిగింది. నాకు తెలీదు. మీకేమన్నా తెలుసా?”

పిల్ల బ్యాగు కింద పడేసింది. కోడలు గోడకి ఆనుకుంది. అబ్బాయి కుర్చీలో కూలబడ్డాడు.

“అమ్మా, వేరే ఏం చెప్పినా సెలవివ్వరమ్మా.”

“అందుకని తల్లిని చంపుతావా?”

“చంపడమేంటమ్మా, ఫోన్లో ఓ మాటన్నాను. నీకు నిజం చెబితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకునేదాన్ని కాదు.”

“మరదే! బళ్ళో వాళ్ళొప్పుకోరు, ఇంట్లో నువ్వొప్పుకోవు. నీ కోడలికున్నది ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ళకి అబద్ధం చెప్పి, నీకో అబద్ధం చెప్పాను. ఇంకేం చెయ్యమంటావు?”

“పిల్లని నా దగ్గర వదిలి మీరిద్దరూ వెళ్ళమంటాను.”

కోడలు కళ్ళు తుడుచుకుంటూ, “పిన్ని ఇంట్లో పాలు పొంగుతుంటే ఒక్కగానొక్క పిల్ల చూడొద్దా అండీ? అయినా బతికున్నవాళ్ళని అలా అంటే ఆయుష్షు పెరుగుతుందంటారండీ,” అంది.

“అయితే మీ అమ్మ ఆయుష్షు పెంచాల్సింది!”

“మా అమ్మ జోలికి రాకండి అత్తయ్యగారూ!”

“అదీ సంగతి. మీ అమ్మ జోలికి రాకూడదు. నేనైతే ఊరందరి సొత్తు.”

అబ్బాయి గొంతు తగ్గించాడు. “సరేనమ్మా, జరిగింది జరిగింది. కర్మ లంకలో చేస్తున్నామని చెబుతాను. అంత దూరం టీచర్లు రారు. శనివారం ఒక్క రోజు పిల్ల కూడా మానేస్తే సరిపోతుంది. నువ్వు కొన్నాళ్ళు మావయ్య దగ్గర...”

“ఒక సెలవు దాచడానికి ఇంకో సెలవా? పైగా నేను లంకకి పోయి దాక్కోవాలా? ఎన్నాళ్ళు? పిల్ల పదో క్లాసు అయ్యేదాకానా?”

“నిజం చెబితే టీసీ ఇచ్చేస్తారండీ,” అంది కోడలు. ఈసారి ఏడవలేదు, సూటిగా నా మొహంలోకి చూసి అంది. “ఆ గుండు పిల్లాడికి ఇచ్చారుగా. తొమ్మిదో క్లాసు మధ్యలో ఎవరు చేర్చుకుంటారండీ? మీకు కోపమొచ్చిందని దాని చదువు పోవాలా?”

కోపం నాదే, టీసీ పిల్లది.

అప్పటిదాకా మూల నించున్న పిల్ల అంది: “నేనిక బడికి వెళ్ళను మామ్మా.”

“ఏం?”

“మేడమ్ రోజూ అన్నం తిన్నావా అని అడుగుతోంది. తన బాక్సులోది తీసి పెడుతోంది. నాకు మింగుడుపడట్లేదు. రేపు తలనొప్పని చెప్పు. ఎల్లుండి ఇంకేదైనా చెప్పు. నేను వెళ్ళలేను.”

“క్లాసులో తెగ ఏడ్చావటగా. అదెవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు. మీ మామ్మ ఏం చేసేది, నీకేం పెట్టేది అని మేడమ్ అడిగింది. చెబుతుంటే నువ్వు నిజంగా లేవేమో అనిపించింది. ఏడుపొచ్చేసింది.”

నమ్మాలో వద్దో తెలీలేదు. దాని తండ్రి కూడా నమ్మించడంలో తక్కువవాడు కాదు. చేతులెక్కడున్నాయో చూశాను. రెండూ ముందే, చున్నీ కొస నలుపుతున్నాయి.

టీసీ ఇస్తే బడి ఒకేసారి పోతుంది. దాస్తే రోజుకో తలనొప్పి, వారానికో కడుపునొప్పి, మీటింగు వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరికీ వణుకు. ఆఖరికి ఏ రోజు మానిందో ఎవరికీ గుర్తుండదు. ఆ రెండో రకం మానడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

“రేపు నేను బడికొస్తాను,” అన్నాను.

“నువ్వెందుకమ్మా? నేనే వెళ్ళి ఒప్పుకుంటాను.”

“నువ్వు చెబితే నేను పోయానని నమ్మారు. బతికున్నానని మాత్రం నమ్మరు. నేనే కనబడాలి.”

కోడలు ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేడిగా వడ్డించింది.

మర్నాడు పొద్దున్న నేనూ పిల్లా వ్యాన్లో కాకుండా షేర్ ఆటోలో వెళ్ళాం. అబ్బాయి బండి మీద వెనకాల వచ్చాడు. ప్రార్థన అయిపోయింది. క్లాస్ టీచర్ వరండాలో ఎదురైంది. కర్మ సంగతి చెప్పడానికొచ్చాననుకుని చేతులు జోడించింది. నేను నోరు తెరిచేలోపే పిల్ల అంది: “మేడమ్, మా మామ్మ ఈవిడే. పోలేదు. సెలవు కోసం నాన్న అబద్ధం చెప్పారు. నేనూ చెప్పాను.”

ఆవిడ నన్ను చూడలేదు, పిల్లనే చూసింది. మమ్మల్ని ప్రిన్సిపాల్ గదిలోకి తీసుకెళ్ళింది.

ఆయన పెద్దాయన. అంతా విని, “ఇంకో పిల్లాడికి ఇచ్చిన టీసీ ఈ పిల్లకెందుకు ఇవ్వకూడదో చెప్పండి,” అన్నారు.

“వాళ్ళని మీరు పట్టుకున్నారండీ. మేం మా కాళ్ళతో వచ్చాం. అంతకంటే నా దగ్గర ఏం లేదండీ,” అన్నాను. “ఆ మూడ్రోజులూ గైర్హాజరు వెయ్యండి. శిక్ష వెయ్యాలంటే మా అబ్బాయికి వెయ్యండి.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. టీసీ ఇవ్వలేదు. మూడ్రోజులూ గైర్హాజరు వేయించారు. లెక్కల పరీక్ష మళ్ళీ పెట్టేది లేదని సున్నా వేయించారు. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లని తామే తీసుకెళ్ళిపోతామని మా అబ్బాయి చేత రాయించుకున్నారు. అబ్బాయి సంతకం పెట్టి ఆఫీసుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

“క్లాసుకి పద,” అంది టీచర్, పిల్ల వైపు చూడకుండానే.

పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుని ఆవిడ వెనకాల మెట్లెక్కింది. నేను గేటు దాకా నడిచి, ఇంటివైపు వెళ్ళే బస్సు కోసం నించున్నాను.